బందెలదొడ్డిలో సైకిలు

నేను ఒక గ్రావెల్ సైకిల్‌ని. కంకరదారుల కోసం కట్టిన సైకిల్‌నన్నమాట. తారురోడ్డు మీద దూసుకుపోయే సన్నటి సైకిళ్లకూ, బండల మీంచి దూకే మొరటు సైకిళ్లకూ మధ్యరకం. కిందికి వంగిన హ్యాండిల్, వెడల్పాటి టైర్లు, ఇటుకరంగు ఒళ్లు. ఇప్పుడు ఆ ఒంటి మీద గాడిద లద్దె ఎండి అట్టకట్టి ఉంది. చూసినవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం దాని వల్ల పెద్ద ఇబ్బంది లేదు. నాకు రోత పుట్టించిన సంగతి వేరే ఉంది.

పుట్టింది హైదరాబాదులో, బాలానగర్ వైపు ఒక రేకుల షెడ్డులో. ఉక్కు గొట్టాలు కోసి, అతికి, నునుపుగా రాకి నన్ను నిలబెట్టినవాడు ఖాదర్ వలీ. పని అయ్యాక నన్ను భుజానికెత్తుకుని ఒకసారి బరువు చూసుకున్నాడు. తర్వాత దింపి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. ఆ మనిషితో నా పరిచయం అంతే. అంత తక్కువలో ముగిసిపోయింది కాబట్టే ఏమో, ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

నన్ను చెప్పి చేయించుకున్నవాడు కిరీటి. గచ్చిబౌలిలో ఆయనకు ‘శిఖరపథం’ అని ఒక యాత్రల కంపెనీ ఉంది. జిమ్ముల్లో పరుగెత్తి పరుగెత్తి విసిగిన పెద్ద జీతగాళ్లను హిమాలయాలకు తీసుకెళ్లి కంకరదారుల్లో సైకిలు తొక్కించడం ఆయన వ్యాపారం. చక్కగా గడ్డం దువ్వుకుంటాడు. మాట్లాడుతుంటే వినబుద్ధవుతుంది. మొదట్లో ఆయన మీద నాకున్న మంచి అభిప్రాయమంతా ఆ గొంతు వల్ల కలిగిందే.

ఆ అభిప్రాయం మొదటి కనుమ దాకానే నిలిచింది. నన్ను జీపు మీద కట్టి కనుమ కిందిదాకా తెచ్చారు. జెండాలు కట్టిన రాళ్లగుట్ట ఇంకా కాస్త దూరం ఉందనగా కిరీటి జీపు ఆపించి నన్ను దింపించాడు. సీసాలో నీళ్లు మట్టిలో పోసి కలిపి, ఆ బురద నా చక్రాలకు పూశాడు. మిగిలింది తన పిక్కలకు రాసుకున్నాడు. అప్పుడు నన్నెక్కి, ఆ చివరి వంపు తొక్కుతూ, కెమెరా ముందు నోరు తెరిచి రొప్పాడు. నిజంగా ఊపిరాడనివాళ్లు అలా రొప్పరు. వాళ్లకు ముఖం ఎలా కనిపిస్తోందోనన్న ధ్యాస ఉండదు. వీడియో అయిపోగానే తడి కాగితాలతో కాళ్లు తుడుచుకుని, వాటిని ఉండచుట్టి ఒక రాయికింద దోపాడు. రాయికింద దోపితే అది చెత్త కాదని ఆయన నమ్మకం. ఆ కనుమలో ఆయన దోపిన రాళ్లు చాలా ఉన్నాయి.

నన్ను నిజంగా తొక్కింది వకుళ. విజయనగరం పిల్ల. విశాఖలో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసేది. అది మానేసి కిరీటి దగ్గర చేరింది. జనాన్ని తీసుకెళ్లకముందే ఒక లోయలోకి వెళ్లి, ఏ దారి సైకిలుకు పనికొస్తుందో, ఏది పనికిరాదో తొక్కి చూడడం ఆమె పని. కిరీటికి కూర్చుని చెప్పడం వచ్చు, ఈమెకు తొక్కడం వచ్చు. అందుకని నన్ను ఈమెకు అప్పగించి ఆయన హైదరాబాదు వెళ్లిపోయాడు.

అలా మేం రుపోంగ్ లోయకు వచ్చాం. హిమాచల్‌లో, చెట్లు మొలవడం మానేసేంత ఎత్తున ఉంటుంది. రెండు వైపులా పొడిగా, బూడిదరంగులో కొండలు. మధ్యలో జడపాయల్లా విడిపోయి పారే నది. నది వెంట జీపులు తిరిగే కంకరరోడ్డు ఒకటి ఉంది. దాని మీద వరసగా లేచిన గతుకులు నా ప్రతి మరనూ వదులు చేశాయి. దానికి పైన పాత కంచరగాడిదల బాట. ఇంకా పైన, కొండ నుంచి రాలిన గులకరాళ్ల వాలు. ఆ వాలులో ముందుచక్రం ఒక దిక్కు, వెనకచక్రం ఒక దిక్కు పోతాయి. వకుళ గాలి కొంచెం తీసి, నడుము వెనక్కి వేసి, నన్ను నా ఇష్టానికి వదిలేసేది. బలవంతంగా తిప్పేది కాదు. ఎక్కలేనిచోట సిగ్గుపడకుండా దిగి నెట్టేది. అక్కడి గాలిలో ఊపిరి చాలక ఆగి, నా మీద వాలి నిలబడేది. అప్పుడు ఆమె గుండె కొట్టుకోవడం నా గొట్టాల్లోకి వచ్చేది. నా జీవితంలో మంచిరోజులు అవే. ఎక్కువ చెప్పను.

లోయ చివర ఖార్మె అని ఒక ఊరు. రాళ్లగోడల ఇళ్లు, బార్లీ చేలు, బఠాణీ మళ్లు. అక్కడ వాన కురవదు. ఆ పచ్చదనమంతా ఒక్క కాలువది. పైన మంచుగడ్డ కరిగిన నీళ్లు కొండవాలు పట్టుకుని ఊరి పొలాల దాకా వస్తాయి. బండరాళ్ల మీద మట్టి, గడ్డిపెళ్లలు పేర్చి కట్టిన గట్టు దానిది. ఎవరి చేనుకు ఎప్పుడు నీళ్లు వదలాలో చూసుకోవడానికి ఏటా ఒకరిని నీటిపెద్దగా ఎన్నుకుంటారు. ఆ ఏడు, దాని తర్వాతి ఏడు కూడా, ఆ పని యాంగ్‌జోమ్‌ది. యాభై దాటిన మనిషి, బిగువైన నోరు. వకుళ ఆమె ఇంట్లోనే దిగింది. మోకాలి నొప్పి పట్టి ఆమెకు కాలువ వెంట తిరగడం కష్టంగా ఉంటే వకుళ కాళ్లు పట్టి, కట్టు కట్టి, వ్యాయామాలు చెప్పింది. వాళ్లిద్దరూ హిందీలో మాట్లాడుకునేవాళ్లు. ఇద్దరిదీ అరువు హిందీయే.

ఒకరోజు యాంగ్‌జోమ్, “నీళ్లు పుట్టేచోటు చూస్తావా?” అని అడిగింది. బయటివాళ్లను అక్కడికి తీసుకెళ్లే అలవాటు ఆ ఊళ్లో లేదు. ఇద్దరూ గట్టు పక్కన ఒకరి వెనక ఒకరు నడిచారు. వకుళ నన్ను ఎక్కలేదు. గట్టు మీద నా చక్రాలు ఆనకుండా పైపక్క రాళ్లలో మోసుకుంటూ వచ్చింది. పైన మంచు నాలుక కింద నుంచి నీళ్లు చప్పుడు లేకుండా పుడుతున్నాయి. ఇద్దరూ అక్కడ కూర్చుని ఏదో తిన్నారు.

దిగేటప్పుడు యాంగ్‌జోమ్ అడిగింది. “మీ సైకిళ్లవాళ్లు ఇటు వస్తారా?”

“రారు దీదీ. వాళ్లకు నది పక్క రోడ్డు చూపిస్తాను. ఇటు ఎవరూ రారు. నాది మాట.”

ఆ మాటన్నప్పుడు నా హ్యాండిల్ మీద, మేము తిరిగిన ప్రతి దారినీ గీతగా గీసుకునే చిన్న యంత్రం వెలుగుతూనే ఉంది. వకుళ దాన్ని మరిచిపోయింది.

హైదరాబాదు ఆఫీసులో గుర్తొచ్చింది. గీతలన్నీ పెద్ద తెర మీద వేసి చూస్తున్న కిరీటి, కొండవాలు వెంట తిన్నగా సాగిన ఆ గీత దగ్గర ఆగాడు.

“వకుళా, ఇదేంటి? సూపర్ లైన్ ఇది. ఒకవైపు నీళ్లు, ఒకవైపు లోయ. డ్రోన్ షాట్‌కి పిచ్చెక్కిపోతారు జనం.”

“అది దారి కాదండి సార్. కాలువగట్టు. మట్టీ గడ్డీ పేర్చి కట్టింది. సైకిళ్లెక్కిస్తే తెగిపోద్ది. ఊరంతటికీ అదొక్కటే నీరు. మాటిచ్చొచ్చాను సార్, తీసియ్యండి.”

“తీసేద్దాం. దానికేముంది?” అని ఆమె కళ్లముందే ఆ గీత చెరిపేశాడు. వకుళ థాంక్స్ చెప్పి వెళ్లింది. ఆమె తలుపు దాటగానే దాని నకలు తెరిచి, ‘స్కై కెనాల్’ అని పేరు పెట్టాడు. గోడకు ఆనించి ఉన్న నాకు ఆ తెర స్పష్టంగా కనబడింది. అంత సులువుగా, ఈల వేస్తూ చేశాడు. అబద్ధం చెప్పేవాళ్లు కాస్తయినా తడబడతారని నేను అనుకునేదాన్ని. నా అమాయకత్వం.

తర్వాతి వేసవికి కిరీటి ఒక గుంపును వెంటబెట్టుకుని రుపోంగ్ వచ్చాడు. అందరూ హైదరాబాదువాళ్లే. ఊరికి దిగువన, నది ఒడ్డున గుడారాలు వేశారు. ఒకరోజు పొద్దున్నే గుంపును రెండుగా విడదీశాడు. నెమ్మదిగా తొక్కేవాళ్లను వకుళతో నదిరోడ్డు మీద పంపాడు. బాగా తొక్కేవాళ్లను తను తీసుకెళ్తానన్నాడు. “పాత గాడిదల బాటే” అన్నాడు. ఆయన సొంత సైకిలు టైరు పగిలి ఉంది కాబట్టి ఆ రోజు నన్నెక్కాడు. వకుళ నా టైర్లలో గాలి సరిచూసి మరీ ఆయనకు ఇచ్చింది.

గాడిదల బాట చీలేచోట ఆయన పైకి తిప్పాడు.

గట్టు మీద మొదట ఎక్కింది నేనే. నా కింద గడ్డిపెళ్లలు ఒత్తుకుపోవడం, అంచులు రాలి కాలువలో పడడం నాకు తెలుస్తూనే ఉంది. సైకిలుకు ఆగే హక్కు లేదు. వెనక పదిమంది దాకా వస్తున్నారు, ఒకరి గాడిలో ఒకరు. అందరి నోటా కేరింతలే. ఒకాయన జిగురు మందులాంటి తిండి పిండుకుని ఆ పొట్లం కాలువలోకి విసిరాడు. ఇంకొకాయన ముక్కు చీది చెయ్యి అదే నీటిలో కడిగాడు. కింద ఊళ్లో ఆ నీళ్లే తాగుతారు.

వాలు తిరిగేచోట కేశవరావు గారికి చక్రం జారింది. బ్యాంకులో పదవీ విరమణ చేసిన పెద్దాయన, కాస్త భారీ మనిషి. పడకుండా కాలు గట్టిగా దించాడు. కాలు గట్టులో మోకాలి దాకా దిగబడింది. ఆయన్ని లాగేసరికి ఆ పెళ్ల మొత్తం ఊడి, నీళ్లు ఒక్కసారిగా పక్కకు మళ్లి వాలు మీదుగా కిందికి దూకాయి. కాసేపట్లో ఆ గండి మనిషి పట్టేంత అయింది. గండికి ఇవతల కాలువ ఎండిపోయి, అడుగున మట్టి మెరుస్తోంది.

“అయ్యో, కింద ఎవరికైనా చెబుదామండీ” అన్నాడు కేశవరావు గారు.

“నీళ్లే కదండీ. ఎలాగూ పల్లానికే పోతాయి” అన్నాడు కిరీటి. ఆ గండి నీటిలో బూట్లు జాడించుకుని, “పదండి పదండి, లైట్ పోతుంది” అని నన్నెక్కాడు. పొద్దుటి మెత్తటి వెలుతురు పోతుందని ఆయన దిగులు. ఫోటోలకు.

మధ్యాహ్నం దాటాక వకుళ తన గుంపును గుడారాలకు చేర్చి, యాంగ్‌జోమ్‌ను పలకరించడానికి ఊళ్లోకి వెళ్లింది. అక్కడ ఏం చూసిందో వచ్చాక ఆమె బట్టలే చెప్పాయి. నడుము దాకా మట్టి. ఊరు ఊరంతా కాలువ దగ్గరే ఉంది. గండి నుంచి దూకిన నీళ్లు యాంగ్‌జోమ్ బఠాణీ మడిని పైమట్టితో సహా లోయలోకి తోసేశాయి. బార్లీ గింజ పాలు పట్టే రోజులు. మిగతా చేలకు నీళ్లు ఆగిపోయాయి. నీటిపెద్ద ఎక్కడ నిద్రపోయిందని అందరూ యాంగ్‌జోమ్‌నే అడుగుతున్నారట. గట్టు మీద టైరు గాడి ఉంది. అది ఎవరిదో వకుళకు చూడగానే తెలిసింది.

కిరీటి గుడారం ముందు కుర్చీలో కూర్చుని అన్నం, రాజ్మా తింటున్నాడు. నేను ఆ పక్కనే ఉన్నాను.

“సార్, కాలువ తెగిపోయింది.”

“ఏ కాలువ?”

“మీరెక్కింది.”

“యాక్‌లు తొక్కుంటాయి వకుళా. ఇక్కడ ఎన్ని తిరగట్లేదు?”

వకుళ వంగి నా వెనక టైరు సందుల్లోంచి గడ్డివేర్లతో ఉన్న నల్లటి మట్టి వేలితో తీసి చూపించింది. “యాక్‌లకి టైర్లుంటాయేటి సార్?”

కిరీటి నవ్వాడు. ఆ మట్టి వైపు చూడనే లేదు. “చూడు, వీళ్లకు బిజినెస్ తెచ్చేది మనం. రేపు ఇక్కడ ప్రతి ఇల్లూ హోమ్‌స్టే అవుతుంది. ఒక కాలువ కోసం క్లయింట్స్ ముందు సీన్ చేయకు. నువ్వు నా స్టాఫ్‌వి. కొంచెం పెరుగు పంపించమను.”

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. తింటున్న అన్నంలో బొద్దింక కనబడినవాళ్ల ముఖం ఎలా ఉంటుందో అలా అయింది. ఇన్నాళ్లూ అదే చేతి వంట మెచ్చుకుంటూ తిన్నానే అన్న వెగటు అందులో ఉంది. నా హ్యాండిల్ పట్టుకుంది. ఎక్కలేదు. ఊరివైపు నడిపించుకుంటూ బయల్దేరింది. అన్నాలు తింటున్నవాళ్లు నా బాగుచేతకేమో అనుకున్నారు.

ఊరి మొదట్లో రాళ్లగోడ కట్టిన దొడ్డి ఒకటి ఉంది. పరుల చేను మేసిన గాడిదలను, జడలబర్రెలను పట్టి తెచ్చి అందులో కడతారు. మన ఊళ్లలో వెనకటి బందెలదొడ్డి లాంటిదే. యాంగ్‌జోమ్, మరికొందరు పెద్దలు అక్కడే గోడవార నిలబడి ఉన్నారు. వకుళ నన్ను వాళ్లముందు నిలబెట్టింది.

“కాలువ తొక్కింది ఇది. దీన్ని లోపల కట్టండి దీదీ.”

యాంగ్‌జోమ్ నా వైపు కాకుండా ఆమె వైపే చూసింది. “ఎవరూ రారన్నావు.”

“అన్నాను.”

ఒక ముసలాయన వంగి నా టైరు తడిమి, మట్టి వాసన చూసి, తల ఊపాడు. గొడ్డును కట్టినట్టే నా మెడకు జడలబర్రె వెంట్రుకల తాడు కట్టి, ఒక కుంటి గాడిద పక్కన గుంజకు బిగించారు.

సాయంత్రానికి కిరీటి వచ్చాడు. వెనక గుంపంతా వచ్చింది. మంచి గొంతుతో, మంచి హిందీలో మొదలుపెట్టాడు. వీళ్ల సంస్కృతి అంటే తనకెంత గౌరవమో చెప్పాడు. తర్వాత పర్సు తీశాడు. యాంగ్‌జోమ్ దాన్ని లోపల పెట్టుకోమంది.

“ఇక్కడ డబ్బు తీసుకోం. గొడ్డుగలవాడు అందరి ముందూ నిలబడి, ఈ గొడ్డు నాది, ఇది ఫలానా చేను తొక్కింది అని చెప్పాలి. పాడైనచోట ఒకరోజు పనిచెయ్యాలి. తోలుకుపోవాలి. నువ్వూ అంతే.”

“ఈ సైకిల్ నాది” అన్నాడు కిరీటి.

“మిగతాది?”

“నాదంటున్నాను కదా. బిల్లు కూడా ఉంది. ఇది దొంగతనం. పోలీసులను పిలుస్తాను.”

“పిలువు. మిగతాది చెప్పు.”

మొదటి సగాన్ని ఆయన రకరకాలుగా అన్నాడు. మెల్లగా అన్నాడు, అరిచి అన్నాడు, తన గుంపు వైపు తిరిగి ఇంగ్లీషులో అన్నాడు. రెండో సగం దగ్గరికి వచ్చేసరికి పెదవులు అతుక్కుపోయేవి. గుంపులో ఒకామె ఫోను పైకెత్తింది. అది చూసి ఆయన గడ్డం సవరించుకున్నాడు. ఆ క్షణంలో కూడా సవరించుకున్నాడు. నా మీద ఆ చేతులు ఎన్నిసార్లు పడ్డాయో తలుచుకుంటే నాకు కంపరం పుట్టింది. గాడిద పక్కన ఉండడం కొంత నయమనిపించింది.

అప్పుడు కేశవరావు గారు ముందుకొచ్చాడు. వకుళతో, “అమ్మా, వాళ్ల భాషలో చెప్పు. నా కాలే దిగబడిందండీ. గండి పడింది నావల్లే. చెప్పకుండా వచ్చేశాను” అన్నాడు. వకుళ చెప్పింది. యాంగ్‌జోమ్ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి, బూట్లు విప్పమంది. ఆయన విప్పాడు.

కిరీటి అది చూశాడు. గుంపంతా తనవైపు చూడడమూ చూశాడు. “ఎమోషనల్ డ్రామా” అని జీపెక్కాడు. పొద్దున్నే గుడారాలు లేచిపోయాయి. వకుళ ఉద్యోగం పోయిన సంగతి ఆమెకు ఫోనుకు వచ్చింది. చూసి జేబులో పెట్టుకుంది.

గండి పూడ్చడం చాలా రోజులు పట్టింది. కేశవరావు గారు తన ఒకరోజూ చేసి, మర్నాడూ ఉండిపోయాడు. చేతులు బొబ్బలెక్కాక యాంగ్‌జోమ్ కొడుకే ఆయన్ని బస్సు ఎక్కించి వచ్చాడు. వకుళ వెళ్లలేదు. మొదటిరోజు ఆమె గండి దగ్గర ఏం చెయ్యాలో తెలియక నిలబడితే, ఎవరూ పని చెప్పలేదు. చాలాసేపటికి యాంగ్‌జోమ్ మట్టితట్ట తెచ్చి ఆమె కాళ్లముందు పడేసింది.

“నీ మీద కోపం పోలేదు. తట్ట పట్టుకో.”

వకుళ పట్టుకుంది. తట్ట మోస్తూ ఏడ్చిందని దొడ్డికి వచ్చిన ఆడవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. బార్లీ సగం దక్కింది. బఠాణీ మడి దక్కలేదు. అక్కడ ఇప్పుడు ఉత్త రాళ్లే. ఆ శరత్తులో యాంగ్‌జోమ్ నీటిపెద్ద పని మరొకరికి అప్పగించింది. ఊరు అడగలేదు, తనే వదులుకుంది.

వెళ్లేముందు వకుళ నా దగ్గరికి వచ్చింది. గొలుసుకు నూనె రాసింది. ‘తీసుకెళ్లు’ అంది యాంగ్‌జోమ్. “నాది కాదు కదా దీదీ” అంది వకుళ. వంగి నా టైర్లలో గాలి తీసేసింది. ఎందుకో నాకు అర్థమైంది. మంచు పడితే బిగువు మీద ఉన్న రబ్బరు పగులుతుంది. ఆ తర్వాత ఏటా మంచు కరగగానే ఊరంతా కాలువ పూడిక తీసే రోజులకు ఆమె బస్సులో వస్తోంది. యాంగ్‌జోమ్ పలకరిస్తోంది. తిడుతూ పలకరిస్తోంది.

కిందటి వేసవిలో బెంగళూరు సైకిళ్లవాళ్లు కొందరు ఫోనులో ఆ ‘స్కై కెనాల్’ గీత చూసుకుంటూ ఇటు వచ్చారు. ఊళ్లోవాళ్లు ఆపి, నదిరోడ్డు చూపించారు. వాళ్లలో ఒకడు నన్ను చూసి దగ్గరికొచ్చాడు. నా ఇటుకరంగు, ఖాదర్ వలీ చేతి అతుకులు పోల్చుకున్నాడు.

“ఇది కిరీటిగారి సైకిల్ కదూ? వరదలో ఎవరినో కాపాడబోయి దీన్ని నదిలో పోగొట్టుకున్నానని వీడియోలో చెప్పాడే.”

“ఏ నదిలో?” అంది యాంగ్‌జోమ్.

అతను నా వైపు చూశాడు. కిరీటి ఈ ఏడు వేరే లోయకు జనాన్ని తీసుకెళ్తున్నాడని చెప్పాడు. ఎక్కడో ఉత్తరాన, ఇంకా పేరు బయటపెట్టలేదట. అక్కడా ఎవరో ఒక నీటిపెద్ద ఉండే ఉంటుంది.

దొడ్డిలో నేను ఒంటరినేం కాదు. రోజూ ఏదో ఒక గొడ్డు వస్తుంది, పొద్దు వాలేలోగా దాని మనిషి వస్తాడు. నిన్న ఒక బక్కపలచటి ముసలాయన వచ్చాడు. గోడ దగ్గర నిలబడి టోపీ తీసి, తల గోక్కుంటూ, అక్కడున్నవాళ్ల ముఖాలు చూడకుండా, “ఈ గాడిద నాది. సోనమ్ చేను మేసింది” అన్నాడు. ఎవరో నవ్వారు. ఆయనకూ నవ్వొచ్చింది. తాడు విప్పుకుని, గాడిదను తిట్టుకుంటూ ఇంటికి తోలుకుపోయాడు.